దుర్గమ్మ హస్తవాసి

22-5-2003, గురువారం

మొత్తం పోయాయి.

పొన్నతిప్ప ఒడ్డున ఐదేళ్ళ కిందట మేం పెట్టిన మడచెట్లు, నాలుగువేల చిల్లర. తలెత్తి చూసేంత ఎదిగాయి. ఈవేళ పడవ దిగి చూద్దును కదా, ఒక్క పచ్చటాకు లేదు. కొమ్మ వంచితే పుటుక్కుమంది. వరసకి పది చెట్ల చొప్పున గోటితో బెరడు గీకి చూసుకుంటూ పోయాను. లోపల కూడా ఎండే.

నిరుడు వానల్లేవు. పాయలోకి గోదారి నీళ్ళు రావడమే మానేశాయి. ఈ వేసవికి సముద్రపు నీరు ఎగదన్ని, ఎండకి మరిగి, నేలంతా ఉప్పు పొక్కులు కట్టింది. సరే, ఒప్పుకున్నాను. కానీ ఆ పక్కనే, పిలిస్తే వినపడే దూరంలో పాత మడ ఉంది. తొంభైయ్యారు తుఫానుకి విరగ్గా మిగిలిన గిడసబారిన చెట్లు, ఎవరూ పెట్టనివి, ఎవరూ కాపలా కాయనివి. వాటిలో కొన్ని మాడాయి. చాలామటుకు పచ్చగానే ఉన్నాయి. అదే ఎండ, అదే ఉప్పు.

దుర్గమ్మ నా వెనకే నడిచింది. ఈ మొక్కల కాపలా ఐదేళ్ళుగా ఆవిడదే. పొన్నతిప్పలోనే పీతలు పట్టుకుని బతికే మనిషి. తుఫానులో మొగుడు వీరన్న, పదకొండేళ్ళ కూతురు సత్యదుర్గ నీళ్ళలో కొట్టుకుపోయారు. ఊరికీ సముద్రానికీ మధ్య మడ దట్టంగా ఉండి ఉంటే అంత నీరు మీద పడేది కాదని ఊరందరికీ తెలుసు. పొయ్యిలోకి నరుక్కున్నదీ ఊరందరే. అందుకే మళ్ళీ పెట్టాం. మొదటి వరస కూతురి పేర దుర్గమ్మ తన చేత్తోనే పెట్టుకుంది.

"ఏటండి మేడంగారండి, ఇలాగైపోయేయి?" అని అడిగింది. తెలిస్తే కదా చెప్పడానికి.

24-5, శనివారం

మడ కమిటీ అధ్యక్షుడు కొండలరావుగారు పొద్దున్నే అమలాపురంలో మా ఇంటికే వచ్చేశారు. పైనుంచి తనిఖీకి వస్తారట, ఎందుకు చచ్చాయో రాసివ్వమన్నారు. "బోటనీ మేడంగారు మీరు. మీరు రాసేరంటే ఇంక తిరుగుండదండి" అన్నారు. పొగిడితే పని అవుతుందని ఆయనకి తెలుసు. అయింది కూడా.

"అధిక ఉష్ణోగ్రత మరియు సంరక్షణలో లోపం." అంతే రాశాను. జనవరిలో ఓసారి గేదెలు పడి రెండు వరసలు తొక్కిన మాట నిజమే. కాబట్టి అబద్ధం కాదు. ఎవరి పేరూ రాయలేదు.

25-5

పేరు రాయలేదు.

1-6, ఆదివారం

దుర్గమ్మని కాపలా నుంచి తీసేశారు. ఇదేమిటని కొండలరావుగారికి ఫోన్ చేశాను.

"సంరక్షణలో లోపం అని మీరే రాసేరు గదండి. సంరక్షణ అంటే ఆవిడే గదండి మరి" అన్నారు.

సంరక్షణ పెద్ద మాట, అందులో కంచె వెయ్యని కమిటీ ఉంది, నెలకోసారి వచ్చి ఫొటోలు తీసుకునే నేనున్నాను అని చెబుదామని నోటిదాకా వచ్చింది. "ఓహో" అని పెట్టేశాను. ఓహో ఏమిటి, ఓహో!

జనవరిలో కోసి ఎండబెట్టి దాచిన ఆకులున్నాయి నా దగ్గర. మేం పెట్టిన చెట్లవి కొన్ని, పక్కనున్న పాత మడవి కొన్ని. అన్నీ విశాఖపట్నంలో రేవతికి పంపాను. రేవతి నా పాత స్టూడెంటు, అక్కడ ల్యాబులో డి.ఎన్.ఏ. పని చేస్తుంది. ఏదో తెగులు బయటపడుతుంది. తెగులే అయి ఉండాలి.

8-6, ఆదివారం

పొద్దుట్నుంచీ ఒకటే గుర్తొస్తోంది. రాసి పారేస్తే పోతుందేమో.

మాది కొబ్బరి ఇల్లు. నాన్న విత్తనానికి తోటంతటికీ ఒక్క తల్లిచెట్టునే నమ్మేవారు. గాలికి నిలిచినది, ఏటేటా విరగకాసినది. విత్తనపు కాయల్ని కిందికి పడెయ్యనిచ్చేవారు కాదు, గెలకి తాడు కట్టి పసిపిల్లని దింపినట్టు దింపించేవారు. కోనసీమలో ఏ రైతునడిగినా ఇదే చెబుతాడు. విత్తనం ఏరడమంటే తల్లిని ఏరడమే.

తొంభై ఎనిమిదిలో నేనూ అదే చేశాను. పై పాయలో, తీపినీరు పారే చోట ఒక మహావృక్షం ఉండేది. అంత తుఫానుకీ రెమ్మ విరగలేదు. కొమ్మకొమ్మకీ కాయ. నా కళ్ళకి నాన్న తల్లిచెట్టే కనిపించింది. కింద దుప్పట్లు పరిపించి, నాలుగు రోజులు ఆ ఒక్క చెట్టు కాయే ఏరించాను.

దుర్గమ్మ అప్పుడే అంది. "ఇది పైపాయ సెట్టండి మేడంగారండి. సముద్రం కాడ దీని పిల్ల బతకదండి. ఆకు నాకి సూడండి. అక్కడి సెట్టు ఉప్పు మింగి ఆకు మీదకి కక్కుద్దండి, తెల్లగా పొడిలాగుంటాది. దీనికి ఆ పని రాదండి."

నేను నాకి చూడలేదు. కమిటీ వాళ్ళంతా పక్కనే ఉన్నారు. నవ్వాను. మర్నాడు ఆవిడ గంపెడు కాయలు తెచ్చింది, ఒడ్డున నలభై యాభై చెట్ల కింద తిరిగి ఏరినవి. చిన్నవి, వంకరవి, సగం పుచ్చులు. "ఇలాంటివి పెడితే ఇలాంటివే వస్తాయి దుర్గమ్మా" అని గంప తీసుకుని నీళ్ళలో బోర్లించాను.

"ఆయ్" అంది. గంప కడుక్కుని వెళ్ళి, నేను ఏరించిన కాయలే పెట్టింది.

అయినా ఐదేళ్ళు బతికాయి కదా. ఆవిడ మాటే నిజమైతే మొదటి ఏడాదే పోవాలి. కాబట్టి అది కారణం కాదు.

12-6, గురువారం

కాట్రేనికోన బస్సులో కాంతమ్మ కనపడింది. దుర్గమ్మ పక్కింటావిడ. అడక్కుండానే మొదలెట్టింది.

"దుర్గమ్మ చెయ్యి మంచిది కాదండి. మొగుడు పోయేడు, కూతురు పోయింది. ఇప్పుడు సూడండి, పెట్టిన సెట్టు పెట్టినట్టే పోయింది. మొన్న మా కోడలు ఆనపపాదు పెడతా రెండు గింజలు నువ్వూ వెయ్యి పిన్నీ అంటే దూరంగా జరిగిపోయిందండి. నేను ముట్టుకోనమ్మా, నా చేతికి హస్తవాసి లేదు అంది. ఆవిడికే తెలిసిపోయిందండి."

అదంతా మూఢనమ్మకమని క్లాసులో చెప్పినట్టు చెప్పాను.

"మరెందుకు పోయేయండి?" అంది కాంతమ్మ.

ఊరు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

17-6, మంగళవారం

రేవతి ఉత్తరం వచ్చింది.

తెగులూ లేదు, గిగులూ లేదు. పాత మడలో ఏ రెండు చెట్లూ ఒకలాంటివి కావట. ముప్ఫై ఆకులు పంపితే డి.ఎన్.ఏ.లో ముప్ఫై రకాల గుర్తులు. ఎన్నో వేల వేసవులు, ఎన్నో తుఫానులు ఆ ఒడ్డుని జల్లెడ పట్టాయి. ఒక కరువుకి కొన్ని పోతాయి, ఇంకో వరదకి ఇంకొన్ని పోతాయి, ఏది వచ్చినా తట్టుకునేవి ఎన్నో కొన్ని మిగులుతూనే ఉంటాయి. ఆ మిగిలినవాటి పిల్లలే మళ్ళీ లేస్తాయి. అక్కడి వాతావరణం పోసి, తీసి, కూర్చిపెట్టిన మంద అది. పై పాయలో మంద వేరు, దాని మీద పడిన జల్లెడ వేరు.

నేను పెట్టినవన్నీ ఒక్క తల్లి పిల్లలు. నాలుగువేలమంది తోబుట్టువులు. తీపినీటి పిల్లలు. వానలు బాగున్న నాలుగేళ్ళూ బతికాయి. ఒకదానికి పడని ఏడాది వచ్చేసరికి అన్నిటికీ పడలేదు.

ఉత్తరం చివర రేవతి రాసింది: "మేడం, విత్తనాలు ఒకే చెట్టువా? ఎవరు ఏరారు?"

నేను ఏరాను. దుర్గమ్మ చేతిలో ఏ దోషమూ లేదు. ఆవిడ ఏ మొక్కా చంపలేదు. నేను చంపాను.

18-6

రేపు వెళ్ళి చెబుతాను.

19-6

కాలేజీలో అడ్మిషన్లు. ఆదివారం వెళ్తాను.

22-6, ఆదివారం

వాన. పడవలు ఆపేశారట. నిజంగానే ఆపేశారు, నేను కల్పించలేదు. తీరా ఇప్పుడు పడుతోంది వాన. చచ్చినవాటి మీద.

29-6, ఆదివారం

రేవతి ఫోన్ చేసింది. ఇలాంటి పరీక్ష ఎవరూ కావాలని చెయ్యలేరట. ఒకే చోట, ఒకే ఎండలో, ఒక్క తల్లి పిల్లలు ఒకవైపు, అన్ని రకాలూ కలిసిన అడవి ఒకవైపు. "పేపరు రాద్దాం మేడం" అంది. ఆ పిల్ల గొంతులో సంతోషం వింటే నాకూ కాస్త ప్రాణం లేచొచ్చింది. సిగ్గులేని ప్రాణం.

సాయంత్రం కూర్చుని మొదటి పేజీ రాసేశాను. ఇంగ్లీషులో ఎంత తేలిగ్గా వచ్చిందో! "విత్తనాలు ఒకే చెట్టు నుంచి సేకరించబడ్డాయి." సేకరించబడ్డాయి. ఎవరో దయ్యాలు సేకరించినట్టు.

6-7, ఆదివారం

అమలాపురం మార్కెట్లో దుర్గమ్మ కనపడింది. గంపలో మండపీతలు, గిట్టలకి కట్లు. చిక్కిపోయింది. నన్ను చూసి లేచి నిలబడింది.

"బాగున్నారాండి? మళ్ళీ పెడతారాండి మొక్కలు?"

"చూడాలి."

"పెట్టండి. ఊరికి అవసరమండి. పెడితే మట్టుకు నన్ను పిలవకండే." నవ్వుతూనే అంది. "మా అమ్మకి గంజి కాసి గిన్నె కింద పెట్టేసి, కాంతమ్మచేత అందిత్తన్నానండి. ముసలిది, మంచం పట్టింది. నా చేత్తో ఏదన్నా అయితే ఇంకెవరున్నారండి నాకు?"

చెప్పవలసింది అక్కడే. ఒక్క వాక్యం. నీ చెయ్యి కాదు దుర్గమ్మా, నేను ఏరిన విత్తనం. నాలుకమీదే ఉంది. చుట్టూ బేరాలాడే జనం, మా కాలేజీ వాళ్ళు ఇద్దరు కూడా కనపడ్డారు.

"అలా అనుకోకూడదు" అన్నాను. బస్సుకి టైమైందన్నాను. బస్సు పావుగంట తర్వాత వచ్చింది. ఆ పావుగంటా ఆవిడకి కనపడకుండా స్తంభం వెనక నిలబడ్డాను. యాభైయ్యేళ్ళ మనిషిని.

31-7, గురువారం

పుష్కరాలు మొదలయ్యాయి. బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. అన్నయ్య వచ్చాడు, రేవులో నాన్నకి పిండం పెట్టాడు. నేను మూడు మునకలు వేసి వచ్చాను. ఈ పన్నెండు రోజులూ పొన్నతిప్ప వెళ్ళడం కుదిరే పని కాదు. ఎవరికీ కుదరదు.

9-8, శనివారం

దుర్గమ్మ వాళ్ళమ్మ పోయిందట, మొన్న. కొండలరావుగారు చెప్పారు. "పుష్కరాల్లో పోయిందండి, పుణ్యాత్మురాలు" అన్నారు.

ఇలాంటప్పుడు వెళ్ళి చెట్ల సంగతి ఎత్తడం బాగుండదు. పదకొండో రోజు వెళ్ళనియ్యాలి.

24-8

పదకొండో రోజు వెళ్ళి వారం అయింది.

14-9, ఆదివారం

పేపరు పంపేశాం. పొన్నతిప్ప పేరు ఉంది, రేవతి పేరు ఉంది, నా పేరు ఉంది. చివర కృతజ్ఞతల్లో దుర్గమ్మ పేరు వెయ్యమన్నాను. "ఇంటి పేరేమిటి మేడం?" అని అడిగింది రేవతి. నాకు తెలియదు. ఐదేళ్ళు. "స్థానిక మహిళలు అని వేసెయ్" అన్నాను.

ప్రపంచమంతటికీ చెబుతున్నాను ఎందుకు పోయాయో. ఒక్క మనిషికి తప్ప.

12-10, ఆదివారం

వెళ్ళాను.

దుర్గమ్మ గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటోంది. పీట వేసింది, మంచినీళ్ళకి మాత్రం కాంతమ్మని కేకేసింది. నాకు తన చేత్తో ఇవ్వదట. ఆ గ్లాసు పట్టుకుని చెప్పేశాను. తల్లిచెట్టు, తీపినీరు, ఒక్క కడుపు పిల్లలు, అన్నీ. ఆవిడ అప్పుడు చెప్పిన మాటే నిజమని, నేను ఆకు నాకి చూడకుండా నవ్వానని, గంప బోర్లించానని కూడా చెప్పాను.

"అయితే నా చెయ్యి కాదాండి?"

"కాదు."

"నిజంగా కాదాండి? సత్తెదుర్గ వరస కూడా?"

"ఆ వరసా అంతే. నేనిచ్చిన విత్తనమే."

వల పక్కన పెట్టి రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. తర్వాత అడిగింది.

"ఎప్పుడు తెలిసిందండి మీకు?"

"ఈమధ్యే. నాలుగు రోజులైంది."

ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను కాబట్టి నిజం రాస్తున్నాను. నాలుగు రోజులని చెప్పాను. ఎంత వేగిరం వచ్చిందో ఆ అబద్ధం, తడుముకోనైనా లేదు.

"మీరేం సేత్తారండి మరి. ముందే తెలిస్తే సెప్పేవోరే" అంది. నన్ను ఓదార్చింది! ఆ తర్వాత చెప్పింది. "మా అమ్మకి ఆకరు నీళ్ళు నేను పొయ్యలేదండి. పుష్కరం నీళ్ళు సీసాలో తెచ్చి దాసేను దానికోసమనే. గొంతులో గురక మొదలైంది. నా వంకే సూత్తందండి. నోరు తెరిసింది. నేను గుమ్మంకాడ నిలబడిపోయేను. నా చేత్తో పోత్తే ఆ పోయేసోట కూడా దానికి సెడు జరుగుద్దేమోనని. కాంతమ్మ పోసిందండి. కాంతమ్మ చెయ్యి అనుకుందో నా చెయ్యి అనుకుందో. నా వంకే సూత్తా పోయింది."

ఏడవలేదు. అరచేతులు చూసుకుంటూనే ఉంది. ఆవిడ నా మీద నమ్మకంతో చెప్పిన మాట అది. అబద్ధం మీద కూర్చుని విన్నాను.

13-10

జూన్ పదిహేడు. ఆగస్టు ఏడు. మధ్యలో యాభై రోజులు. మార్కెట్లో ఎదురెదురుగా నిలబడిన రోజు కూడా అందులోదే.

14-10, మంగళవారం

కమిటీకి రాసిచ్చాను. ఈసారి పేరుతో. విత్తనం ఎంపికలో తప్పు నాది, కాపలాలో లోపమేమీ లేదు, దుర్గమ్మ ముందే హెచ్చరించింది. పైకి కూడా ఒక కాపీ పంపాను. "ఎందుకండి ఇప్పుడివన్నీ? అందరూ మరిచిపోయేరు గదండి" అన్నారు కొండలరావుగారు. ఆవిడ మరిచిపోలేదన్నాను. ఊరందరి ముందూ చదవాల్సిందే అన్నాను.

19-10, ఆదివారం

తుఫాను షెల్టర్లో మీటింగు. కొండలరావుగారు దగ్గుకుంటూ చదివారు. కొన్ని మాటలు మింగబోతే కాగితం తీసుకుని నేనే చదివాను. మళ్ళీ పెట్టేటప్పుడు ఒడ్డునున్న చెట్లన్నిటి కిందా కాయ ఏరాలని, ఏ చెట్టు కాయైనా సరే, వంకరదైనా సరే, ఎంచకుండా ఏరాలని, ఏరడం దుర్గమ్మ చెప్పినట్టే జరగాలని చెప్పాను. కాంతమ్మ అందరిలోనూ లేచి, "మా ఆనపపాదుకి గింజలు ఇంకా ఉన్నాయి దుర్గమ్మా, రేపొచ్చి వెయ్యి" అంది. నలుగురూ నవ్వారు. దుర్గమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి వచ్చేస్తే సరిపోయేది. ఎవరికీ నష్టం లేదు. ఆవిడ దృష్టిలో నేను మంచిదాన్నిగానే ఉండేదాన్ని.

మీటింగయ్యాక దుర్గమ్మ ఇంటికెళ్ళాను. పీతల గిట్టలకి పురికొస కడుతోంది.

"దుర్గమ్మా, మొన్న నాలుగు రోజులైందని చెప్పాను. కాదు. జూన్లో తెలిసింది. పదిహేడో తారీకున. నీతో అబద్ధం చెప్పాను."

చేతిలో ఉన్న పీతకి ముడి వెయ్యడం పూర్తి చేసింది. గంపలో పెట్టింది.

"అమ్మ పోయింది పుష్కరాల్లో గదండి" అంది.

"అవును."

"అప్పటికి తెలుసాండి మీకు?"

"తెలుసు."

"మార్కెట్లో కనపడ్డప్పుడూ?"

"తెలుసు."

చెంబులో నీళ్ళతో చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, లేచి నా ఎదురుగా నిలబడింది. "నా చెయ్యి మంచిదేనని ఊరందరిలోనూ సెప్పేరు. దానికి మీకు దణ్ణం పెడతానండి." నిజంగానే రెండు చేతులూ జోడించింది. "మొక్కలు పెట్టడానికి రండి. కాయ ఏరిపెడతాను. మా గుమ్మంలోకి మట్టుకు ఇంక రాకండి."

అరవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండును.

పడవ దాకా వచ్చి సాగనంపింది, ఎంత కోపమున్నా వాళ్ళ మర్యాద అది. పోటు తీసేసి ఒడ్డంతా బురదగా ఉంది. ఐదేళ్ళుగా నేను పడవెక్కేటప్పుడల్లా ఆవిడే చెయ్యి అందించేది. ఈవేళ కూడా నాకు తెలియకుండానే చెయ్యి చాచాను. దుర్గమ్మ నా చేతి వంక చూసింది. తన చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

పడవ అంచు పట్టుకుని, మోకాళ్ళ దాకా బురదలో దిగి, నేనే ఎక్కాను.